నిద్ర గడప

ప్రతి మనిషీ ప్రతి రాత్రీ దాటే గడప ఒకటి ఉన్నది. దానికి ఇవతల మెలకువ, అవతల నిద్ర. దాటుతున్నప్పుడు దాటుతున్నామని తెలియకపోవడమే ఆ గడప స్వభావం. పడుకొని ఏదో ఆలోచిస్తూ ఉంటాము. ఆలోచన మెల్లగా బొమ్మగా మారుతుంది. రేపటి పరీక్షను గురించిన చింత కాస్తా ఎప్పుడో చూసిన అంగడిలోని జనసమ్మర్దం అవుతుంది. ఆ జనంలో మనమూ నడుస్తూ ఉంటాము. తెల్లవారి లేచిన తరువాత ఆ మార్పు ఏ క్షణాన జరిగిందో చెప్పగలవారు అరుదు. ఆ క్షణంలో ఎరుక కోల్పోకుండా, దేహాన్ని నిద్రకు అప్పగించి, మనస్సు మాత్రం మేలుకొని తెలిసి తెలిసి కలలో అడుగుపెట్టడం సాధ్యమేనా? సాధ్యమేనని యోగులు చాలాకాలం క్రిందటనే చెప్పారు. ప్రయోగశాలలలోని శాస్త్రజ్ఞులు గత శతాబ్దం చివరి భాగంలో ఒప్పుకొన్నారు.

కలలో ఉండగానే ఇది కల అని గుర్తించగలిగితే దానిని ఆంగ్లంలో లూసిడ్ డ్రీమ్ అంటారు. హాలండు దేశపు రచయిత, వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో ఆ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. నేను దానిని ‘ఎరుక కల’ అంటాను. ‘ఎరుక’ మా ప్రాంతంలో చదువురాని వారి నోట కూడా నిత్యం వినిపించే మాట. ‘నాకు ఎరుకే’ అనని ఇల్లు తెలంగాణలో ఉండదు.

మన పెద్దలకు కలలు కొత్త కావు. మాండూక్యోపనిషత్తు జాగ్రత్తు, స్వప్నం, సుషుప్తి అనే మూడు అవస్థలను చెప్పి, వాటికి ఆవల నాలుగవదైన తురీయాన్ని చూపింది. స్వప్నంలోను నిద్రలోను కలిగే జ్ఞానాన్ని మనస్సును నిలుపుకోవడానికి ఆధారంగా గ్రహించవచ్చునని పతంజలి తన యోగసూత్రాలలో ఒక మార్గం సూచించాడు. ఇక తెలుగు కవుల విషయానికి వస్తే, మన మహాకావ్యాలలో కొన్ని కలలోనుంచే పుట్టాయి. తిక్కన సోమయాజికి తండ్రి కొమ్మన కలలో కనిపించి హరిహరనాథుని మాట వినిపించినట్లు విరాటపర్వం అవతారికలో ఉన్నది. కళింగ దండయాత్రకు వెళ్లిన శ్రీకృష్ణదేవరాయలు కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి, నాలుగవ జామున ఆంధ్రమహావిష్ణువును స్వప్నంలో దర్శించి ఆముక్తమాల్యద రచనకు పూనుకొన్నాడు.

పోతన కథ వీటికంటె భిన్నమైనది. ఒక చంద్రగ్రహణం నాటి రాత్రి గంగాస్నానం చేసి, ఇసుకతిన్నె మీద కూర్చుండి మహేశ్వరుని ధ్యానిస్తూ ఉండగా తనకు శ్రీరాముడు కనిపించాడని ఆయన భాగవతం ఆరంభంలో చెప్పుకొన్నాడు. అప్పుడు ఆయన నిద్రలో లేడు, పూర్తిగా మెలకువలోనూ లేడు. కళ్లు అరమోడ్పుగా ఉన్నాయి. ఆ సంగతిని ఆయన ప్రత్యేకంగా పేర్కొన్నాడు. ధ్యానించినది శివుని, కనిపించినది రాముడు. గడప మీద నిలిచినవానికి పిలిచిన అతిథియే రావాలన్న నియమం లేదు కాబోలు! భక్తులకు అది సాక్షాత్కారం. దానిని తీసుకొనివెళ్లి ప్రయోగశాలలో నిలబెట్టాలన్నది నా ఉద్దేశం కాదు. కాని ఆ అరమూసిన కన్నులను గురించి తరగతి గదిలో చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ నా గొంతు కొంచెం మారేది. అందుకు కారణం ఉన్నది.

నేను ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం పరీక్షలు వ్రాసిన వేసవిలో మా తమ్ముడు వ్యవసాయపు బావిలో మునిగి చనిపోయాడు. వానికి పదునాలుగేండ్లు. ఆనాడు నేను ఊరిలో లేను. నేను చూడని ఆ బావిగడ్డను నా నిద్ర మాత్రం పట్టుకొన్నది. ఏండ్ల తరబడి ఒకే కల. నేను బావి ఒడ్డున ఉంటాను. లోపలినుంచి నీటి చప్పుడు వినిపిస్తుంది. ‘అన్నా’ అన్న పిలుపు వస్తుంది. నా కాళ్లు నేలకు అతుక్కొని ఉంటాయి. ఆ తరువాత ఉలికిపడి లేవడం, తెల్లవారేవరకు కూర్చోవడం. ఇబ్రహీంపట్నంలో అధ్యాపకుడిగా చేరిన తరువాత కూడా ఆ కల నన్ను విడువలేదు. నిద్రకు భయపడే మనిషి పగటిపూట ఏ పని చేసినా సగమే చేస్తాడు.

మా వీధిలో ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు ఉండేవారు. యోగనిద్ర అభ్యాసం ఆయనకు చాలా ఏండ్లుగా ఉన్నది. బీహారులోని ముంగేరులో యోగ విద్యాలయం స్థాపించిన స్వామి సత్యానంద సరస్వతి, ప్రాచీన న్యాసవిధానాల ఆధారంగా ఈ అభ్యాసానికి నేటి రూపం ఇచ్చాడు. వెల్లకిల పడుకొని, ఒక సంకల్పం చెప్పుకొని, కుడిచేతి బొటనవ్రేలు మొదలు శరీరంలోని అవయవాలన్నింటిమీదా వరుసగా మనస్సును త్రిప్పుతారు. ఆ తరువాత శ్వాస, బరువు, తేలిక, వేడి, చలి అనే అనుభూతులు. చివరకు బొమ్మలు. అంతసేపూ నిద్రపోకూడదు. నా కలను గురించి విని ఆయన ఓదార్పు మాటలు చెప్పలేదు. ‘‘ఆ కలను రాకుండా ఆపాలని చూస్తున్నారు. ఆపలేరు. దానిలోకి నడిచి వెళ్లడం నేర్చుకోండి’’ అన్నారు.

మొదటి పాఠం సడలింపు. వినడానికి ఇంత సులభమైనది మరొకటి లేదు. చేయడానికి ఇంత కష్టమైనదీ లేదు. మన శరీరం ఎంత బిగుసుకొని ఉన్నదో మనకు తెలియదు. దవడలు, నుదురు, భుజాలు, అరచేతులు పగలంతా ఏదో బరువు మోస్తూనే ఉంటాయి. అమెరికాలోని షికాగోలో ఎడ్మండ్ జాకబ్‌సన్ అనే వైద్యుడు 1929లో ప్రచురించిన గ్రంథంలో ఇందుకొక ఉపాయం వివరించాడు. కండరాన్ని ముందు గట్టిగా బిగించి, తరువాత ఒక్కసారి వదలాలి. బిగింపు ఎట్లా ఉంటుందో తెలిసిన కండరానికి వదులు కూడా తెలుస్తుంది. పాదాలతో మొదలుపెట్టి పిక్కలు, తొడలు, పొట్ట, ఛాతీ, చేతులు, మెడ, ముఖం వరకు వస్తే పావుగంట పడుతుంది. తొందరపడితే ఫలితం ఉండదు. ‘సడలాలి, సడలాలి’ అని హుంకరించే మనస్సే మరొక బిగింపు అవుతుంది.

రెండవ పాఠం భావన. అంటే ఒక దృశ్యాన్ని మనస్సులో కట్టుకోవడం. మా గురువుగారు నన్ను ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్టను ఎంచుకొమ్మన్నారు. ఆ చెరువు గోలకొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలించిన 1550–1580 మధ్య కాలం నాటిది. తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమతో పిలుచుకొన్న ప్రభువు ఆయనే. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితం ఇచ్చినది ఆయనకే. మా ఊరు ఆయన పేరే మోస్తున్నది. అయితే నేను అభ్యాసం మొదలుపెట్టిన కాలంలో ఆ చెరువులో నీరు లేదు. నీరు తెచ్చే వాగులకు, కాలువలకు అడ్డంకులు ఏర్పడి, సరైన వానలు లేక, నడుమ తుమ్మచెట్లు మొలిచి, పశువులు మేసే మైదానంగా ఉండేది.

‘‘నీళ్లు లేని చెరువును తలచుకొని ఏం లాభమండీ?’’ అన్నాను.

‘‘నీళ్లుంటే చూడడానికి కళ్లు చాలును. లేవు గనుకనే మీకు మనస్సుతో పని’’ అన్నారు ఆయన నవ్వుతూ.

ఆ విధంగా ప్రతి రాత్రి నేను ఎండిన చెరువును నింపడం మొదలుపెట్టాను. ఇక్కడ ఒక కిటుకు ఉన్నది. బొమ్మను దూరంనుంచి పటం చూసినట్లు చూస్తే అది నిలవదు. దానిలో మనం ఉండాలి. కట్ట మీద మట్టి అరికాలికి తగలాలి. గాలి ఏ చెంపకు తాకుతున్నదో తెలియాలి. ఎడమవైపు రాతికట్టడానికి అలలు కొట్టుకొనే చప్పుడు, తుమ్మపూల వాసన, దూరాన నీటి అంచున కొంగలు. ఇట్లా చూపుకు తోడు వినికిడి, స్పర్శ, వాసన కూడా చేరితే మనస్సు ఆ బొమ్మను నమ్మడం మొదలుపెడుతుంది. ఒక్కొక్క అడుగు లెక్కపెడుతూ తూము దాకా నడవాలి. లెక్క తప్పితే విసుక్కోకుండా మళ్లీ ఒకటి దగ్గర మొదలుపెట్టాలి. ‘‘నిద్రపోవద్దని మీకు మీరు చెప్పుకోవద్దు. కట్ట మీద నడుస్తున్నానని మాత్రం చెప్పుకోండి’’ అని గురువుగారి హెచ్చరిక.

కొంతకాలానికి కొన్ని వింతలు కనిపించసాగాయి. మూసిన కన్నుల ముందు రంగుల చుక్కలు, అల్లికలు, పరిచయం లేని ముఖాలు మెరిసి మాయమయ్యేవి. ఎవరో పేరు పెట్టి పిలిచినట్లు వినిపించేది. నిద్రలోకి జారేవేళ చాలామందికి కలిగే అనుభవమే ఇది. ఫ్రాన్సు దేశానికి చెందిన ఆల్ఫ్రెడ్ మోరీ 1848లోనే దీనిని వర్ణించాడు. వాటిని పట్టుకోబోతే చెదిరిపోయి మెలకువ వస్తుంది. వాటి వెంటపడిపోతే ఒళ్లు తెలియని నిద్ర వస్తుంది. చూస్తూ ఉండి, పట్టుకోకుండా ఉండగలగడంలోనే ఉన్నది అభ్యాసమంతా. దాని కొరకు నాకు నెలలు పట్టింది.

మరొక అనుభవాన్ని ముందుగా తెలుసుకోకపోతే భయం కలుగుతుంది. ఒక్కొక్కసారి మనస్సు మేలుకొనే ఉంటుంది గాని కాలుసేయి కదలదు. గుండెలమీద ఎవరో కూర్చున్నట్లుంటుంది. మన పల్లెలలో దానిని దయ్యం చేష్ట అంటారు. నిజానికి అది శరీరం చేసే కాపలా. కలలు దట్టంగా వచ్చే నిద్రలో కనుగుడ్లు వేగంగా కదులుతూ ఉంటాయి, తక్కిన కండరాలు మాత్రం పట్టు విడిచి ఉంటాయి. అందువలననే కలలో పరుగెత్తేవాడు మంచం మీద పరుగెత్తడు. ఆ కట్టు విడకముందే మెలకువ వస్తే కదలలేని స్థితి కలుగుతుంది. క్షణాలలోనో, కొద్ది నిమిషాలలోనో అదే పోతుంది. నా కలలో కాళ్లు నేలకు అతుక్కొనడానికి కూడా ఇదే మూలమేమోనని నాకు తోచిన రోజున, దశాబ్దాల భయం ఒక పాలు తగ్గింది.

ఈ కనుగుడ్ల కదలికల నిద్రను షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనేవారు 1953లో ప్రకటించారు. దీనికే రెమ్ నిద్ర అని పేరు. రాత్రిలో సుమారు తొంబది నిమిషాలకొకసారి వస్తూ, తెల్లవారుతున్నకొద్దీ ఎక్కువసేపు నిలుస్తుంది. రాయలవారికి కల నాలుగవ జామున వచ్చిందన్న మాట ఇక్కడ జ్ఞాపకం చేసుకోవచ్చు. అందుచేత పడుకోగానే ప్రయత్నించడం కంటె, నాలుగైదు గంటలు నిద్రపోయి, ఒకసారి మేల్కొని, మళ్లీ పడుకొనేటప్పుడు భావన చేయడం మేలు. అప్పుడు గడపకు అవతల కల సిద్ధంగా ఉంటుంది.

కలలో ఎరుక ఉంటుందంటే మొదట శాస్త్రజ్ఞులు నమ్మలేదు. నిద్రపోయేవాడు సాక్ష్యం ఎట్లా చెబుతాడు? శరీరమంతా కట్టుబడి ఉన్నా కన్నులు కదులుతాయి కదా! ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హర్న్ 1975లో ఆ దారిని పట్టుకొన్నాడు. ఆయన ప్రయోగంలో పాల్గొన్న వ్యక్తి, కలలో ఉన్నానని తెలియగానే, ముందే అనుకొన్న విధంగా కన్నులను ఎడమకు కుడికి త్రిప్పి సైగ చేశాడు. కొద్ది ఏండ్లకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ లాబెర్జ్ స్వతంత్రంగా అదే సంగతిని నిరూపించాడు. మెలకువనుంచి నేరుగా కలలోకి వెళ్లే పద్ధతిని ఆయన వేరుగా గుర్తించి వర్ణించాడు కూడా. 2021లో నాలుగు దేశాల పరిశోధకులు ఇంకొక అడుగు వేశారు. నిద్రలో ఉన్నవారిని ఎనిమిదిలోనుంచి ఆరు తీసివేస్తే ఎంత అని అడిగితే, ఒకరు కన్నులతో రెండు అని జవాబిచ్చారు. అన్ని ప్రశ్నలకూ ఇట్లా జవాబులు రాలేదు. సరైన జవాబు వచ్చినది ఐదవ వంతు కంటె తక్కువ సందర్భాలలోనే. అయినా నిద్రలో ఉన్న మనిషితో మాట్లాడవచ్చునని తేలింది. ఇది విన్ననాడు మా గురువుగారు ఉండి ఉంటే ఎంత సంతోషించేవారో!

నా సంగతి చెప్పాలి. ఒక తెల్లవారుజామున కట్ట మీద నడుస్తూ తూము దగ్గరకు చేరాను. అంతవరకు నేను కట్టుకొన్న బొమ్మ అది. తూము దాటిన తరువాత నేను కట్టని దారి కనిపించింది. చేతులు చూసుకొన్నాను. వ్రేళ్లు లెక్కకు నిలవలేదు. కలో నిజమో తేల్చుకోవడానికి అదొక పరీక్ష. అది కల అని తెలిసింది. తెలిసినా కల చెదరలేదు. దారి మా ఊరి బావి వద్దకు వెళ్లింది. నీటి చప్పుడు, ‘అన్నా’ అన్న పిలుపు. కాళ్లు అతుక్కొన్నాయి. కాని ఈసారి అవి మంచం మీద ఉన్న కాళ్లని నాకు తెలుసును. కూర్చున్నాను. కూర్చుండి ఒక్కొక్క మెట్టూ జరుగుతూ లోపలికి దిగాను. తమ్ముడు నీటి అంచున, చివరి మెట్టు మీద, కాళ్లు నీటిలో పెట్టుకొని కూర్చున్నాడు. మునిగిపోవడం లేదు. ‘‘నీళ్లు సల్లగున్నయే అన్నా’’ అన్నాడు. అంతే. నేను ప్రక్కన కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. తరువాత మామూలుగా మెలకువ వచ్చింది.

ఆ కనిపించినది నా మనస్సు కట్టిన బొమ్మయేనని నాకు సందేహం లేదు. నా తమ్ముడు ఎక్కడినుంచో తిరిగి వచ్చాడని నేను అనలేను. అయినా ఆ ఉదయం ఊరికి వెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యి మీది గిన్నె దించి, ‘‘ఏ అంగీ తొడుక్కున్నడు బిడ్డా?’’ అని అడిగింది. నీలపుది అన్నాను. ‘‘అది పండుగకు కుట్టిచ్చిందే’’ అన్నది. ఇంకా ఏమీ అడగలేదు. ఆ తరువాత పీడకల రెండు మూడు సార్లు వచ్చింది గాని, నేను తెల్లవారేవరకు కూర్చోవలసిన అవసరం రాలేదు. ఆ బావిని పూడ్చివేసి ఇప్పుడు అక్కడ ప్లాట్ల హద్దురాళ్లు పాతారు.

ఈ అభ్యాసాన్ని అందరికీ చెప్పవచ్చునా అని నన్ను అడిగేవారు ఉన్నారు. చెప్పకూడనివారు కూడా ఉన్నారని నా అభిప్రాయం. లేనివి కనిపించడం, వినిపించడం వంటి మానసిక వ్యాధులతో బాధపడేవారు వైద్యుని అడగకుండా దీని జోలికి పోరాదు. నిద్ర చాలనివారు నడిరాత్రి లేచి అభ్యాసం చేయడం ఉన్న నిద్రను కూడా పోగొట్టుకోవడమే. కలలో ఎగరవచ్చునట, కోరినది చూడవచ్చునట అన్న కుతూహలంతో వచ్చేవారికి మొదటి వారంలోనే విసుగు పుడుతుంది. మా ఊరినుంచి నగరానికి వెళ్లే సాగర్ రహదారిలో గుర్రంగూడ వద్ద ధమ్మఖేత్త అనే విపశ్యనా కేంద్రం ఉన్నది. అక్కడ పదిరోజులు మౌనంగా ఉండి శ్వాసను, శరీరంలోని అనుభూతులను ఉన్నవి ఉన్నట్లు గమనించడం నేర్పుతారు. ఏ బొమ్మనూ కల్పించుకోనివ్వరు. అది వేరు మార్గం, ఇది వేరు మార్గం. రెండింటినీ కలగలిపి ఒకటే అనడం రెండింటికీ అన్యాయం.

పరీక్షల కాలంలో మా విద్యార్థులు కొందరు కళ్లు ఎర్రబారి తరగతికి వచ్చేవారు. ఒంటిగంట వరకు చదివి, ఆపైన నిద్రపట్టక దొర్లుతున్నామనేవారు. వారికి సడలింపు, చెరువుకట్ట నడక ఈ రెండే చెప్పాను. కలల మాట ఎత్తలేదు. ఒక విద్యార్థి మాత్రం ఎవరి వలననో విని, ‘‘కలలో ప్రశ్నపత్రం కనిపిస్తుందా సార్?’’ అని అడిగాడు. కనిపిస్తుంది గాని రెండవసారి చదివితే ప్రశ్నలు మారిపోతాయని చెప్పాను. కలలోని అక్షరాల గుణం అదే. తరగతి అంతా నవ్వింది.

ఇటీవలి సంవత్సరాలలో మంచి వానలు కురిసి పెద్దచెరువులోకి నీరు వచ్చింది. ఇప్పటి పిల్లలకు దానిని మనస్సులో నింపుకొనే శ్రమ లేదు. సాయంత్రం కట్ట మీదికి వెళ్లి చూసి వస్తే చాలును. వారం గడిచిన తరువాత అభ్యాసం ఎంతవరకు వచ్చిందని అడిగాను. వెనుక బల్ల మీదినుంచి ఒక అమ్మాయి లేచి కొంచెం సిగ్గుపడుతూ, ‘‘తూము దాకా ఒక్కరోజు కూడ పోలేదు సార్. నలభై అడుగులు లెక్కపెట్టేసరికి నిద్రపడుతున్నది’’ అన్నది.

రోజూ నలభైయేనా అని అడిగాను.

‘‘నిన్న ఇరవైరెండే సార్’’ అన్నది.